పాటువేళ నిలబడ్డది: ఒక లంకలో మూడు వారాంతాల గాలింపు

2024 కార్తీక పున్నమి, నవంబరు 15 శుక్రవారం. రాత్రి గడిచి మూడు కావస్తోంది. గౌతమి దిగువ పాయ గట్టున రొయ్యల చెరువుకు కాపలా ఉండే ఒక పెద్దాయన, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ ఆగిందేమోనన్న అనుమానంతో పాకలోంచి బయటికొచ్చాడు. ఏరియేటర్ తిరుగుతూనే ఉంది. పాయకు అవతల గట్టున మాత్రం ఎవరో నిలబడి ఉన్నారు. మనిషెత్తు. మెడ లేదు, భుజాల్లోంచే తల. చేతులు ఒంటికి అంటుకున్నాయి. ఒళ్లంతా నల్లగా, తడిసిన గొంగళి కప్పుకున్నట్టు ఉంది. "ఎవర్రా అది?" అని అరిస్తే ఆ ఆకారం ముందుకు వంగి, నేలలోకి దిగిపోయినట్టు మాయమైంది. టార్చి కొడితే నీళ్లు, నీళ్లకవతల రెల్లుదుబ్బులు, అంతే.

తెల్లారగానే పడవ వేసుకుని అవతలికి వెళ్లాడు. నీటి అంచున ఒండ్రులో ఒకే ఒక్క అడుగు కనిపించింది. ఫోన్‌తో ఫొటో తీశాడు. ఆదివారం సాయంత్రానికి ఆ ఫొటో రెండు మండలాలు తిరిగింది.

ఊరి పేరు నేను రాయడం లేదు. ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు లంకల్లో అదొకటి అనుకుంటే చాలు. ఎందుకు దాచానో ముందుకెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఆ రోజుల్లో జనం భయం ఊరికే పుట్టింది కాదు. అంతకు రెండు నెలల ముందే, సెప్టెంబరులో, రాజమండ్రి దివాన్‌చెరువు దగ్గర కనిపించిన చిరుత కడియం నర్సరీల్లోకి దిగింది. పూలకుండీల మధ్య పులి తిరుగుతోందంటే డెల్టాలో నమ్మని వాళ్లు లేరు. 2022 వేసవిలో ప్రత్తిపాడు వైపు పెద్దపులి పశువుల్ని చంపింది కూడా అందరికీ గుర్తే. కాబట్టి "ఏదో వచ్చింది" అన్న మాటను నవ్వి కొట్టేసే స్థితి లేదు. కార్తీక స్నానాలకు తెల్లవారుజామున రేవుకు వెళ్లే ఆడవాళ్లు ఇళ్లలోనే తలస్నానం చేసేశారు. కుర్రాళ్లు కర్రలు పట్టుకుని రాత్రిళ్లు గట్టు కాశారు. చెరువు యజమాని చుట్టూ కరెంటు తీగ లాగుదామని ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాడు. ఈ చివరి సంగతి విన్నాకే నేను బయల్దేరాను. రాత్రిపూట గట్టు మీద కరెంటు తీగ ఉంటే, అక్కడ ముందు చచ్చేది చేపల వలకు వెళ్లే మనిషే.

నేను శాస్త్రవేత్తను కాను. అమలాపురం దగ్గర ఫొటో స్టూడియో నడుపుతాను. 2021 నుంచి మేం ఏడుగురం, ఎక్కడైనా వింత జంతువు కనిపించిందన్న కబురొస్తే శని, ఆదివారాల్లో వెళ్లి వెతుకుతున్నాం. ఒకరు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పే మేడం. ఒకరు నా బావమరిది, ఇళ్లకు పీఓపీ సీలింగ్ పని చేస్తాడు. ఇద్దరు డిప్లొమా కుర్రాళ్లు, ఒక నర్సరీ మేస్త్రి, ఒక పడవ సరంగు, నేను. ఇది మా పదకొండో గాలింపు. ముందటి పదింటిలో ఎక్కువ భాగం ఏమీ తేలకుండానే ముగిశాయి. ఇది తేలింది, అదీ పూర్తిగా కాదు. అందుకే దీన్ని వివరంగా రాసి పెడుతున్నాను.

ఈ పద్ధతి మాకు అబ్బింది బిగ్‌ఫుట్ వేటగాళ్ల నుంచి. మా పెద్దమ్మ కొడుకు సియాటిల్‌లో ఉంటాడు. ఆ వాయవ్య అమెరికా అడవుల్లో నిలువెత్తు రోమాల మనిషి తిరుగుతాడన్న నమ్మకం మీద వారాంతపు శిబిరాలు నడుస్తాయి. 1995లో మొదలైన బిగ్‌ఫుట్ ఫీల్డ్ రీసెర్చర్స్ ఆర్గనైజేషన్ లాంటి సంఘాలు సభ్యుల్ని పోగుచేసి అడవికి తీసుకెళ్తాయి. చూసినవాళ్లను కూర్చోబెట్టి వివరాలు రాసుకుంటారు, అడుగులకు ప్లాస్టర్ అచ్చులు పోస్తారు, రాత్రంతా రికార్డర్లు పెడతారు, చెట్టు మీద కర్రతో కొట్టి జవాబు వస్తుందేమోనని వింటారు. మా అన్నయ్య ఒకసారి వెళ్లొచ్చి గంటసేపు ఫోన్‌లో చెప్పాడు. నేను అడిగింది ఒకటే: "దొరికిందా?" "దొరకలేదురా, కానీ అడవిలో చెవి పెట్టి వినడం నేర్చుకున్నాను" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

ఆ తర్వాత దాని చరిత్ర చదివాను. 1958లో కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు పనివాళ్లకు పదహారు అంగుళాల అడుగులు కనిపించాయి. అక్కడి పత్రిక 'బిగ్‌ఫుట్' అని రాయడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. 2002లో రే వాలెస్ అనే రోడ్డు కాంట్రాక్టరు చనిపోయాక, ఆ అడుగులు ఆయన చెక్కతో చెక్కించిన పాదాలతో వేసినవేనని కుటుంబం వాటిని బయటపెట్టింది. హిమాలయాల మంచుమనిషి యెతి సంగతీ అంతే. యెతివని దాచిన ఎముక, వెంట్రుక, చర్మం లాంటి తొమ్మిది నమూనాల డీఎన్‌ఏ పరీక్షిస్తే ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది అని 2017లో తేలింది. మేఘాలయలో గారో కొండల వానరమనిషి మందే బురుంగ్‌వని పంపిన వెంట్రుకలు 2008లో గోరల్ అనే కొండమేకవని తేలాయి. ఇవి చదివాక నా ఉత్సాహం తగ్గలేదు, పెరిగింది. ప్రతిచోటా ఒక నిజమైన జంతువు ఉంది, లేదా ఒక నిజమైన మనిషి ఉన్నాడు. చూసినవాడు అబద్ధమాడలేదు.

పెద్దాయన దగ్గరికి నేనూ మేడం వెళ్లింది నవంబరు 20న. మా నియమం: మొదట సాక్షిని మాట్లాడనివ్వాలి, మధ్యలో ఏ జంతువు పేరూ ఎత్తకూడదు. "ఎలుగుబంటిలా ఉందా?" అని అడిగితే, ఆ రాత్రి నుంచి ఆయన కలలో ఎలుగుబంటే కనబడుతుంది. ఎక్కడ నిలబడ్డారు, ఏ వైపు చూస్తున్నారు, చందమామ ఎటుంది, గాలి ఎటుంది, నీరు ఎంతుంది. ఇవే అడిగాం.

ఆయన అన్నింటికీ ఓపిగ్గా చెప్పాడు, ఒక్కదానికి తప్ప.

"నీరెంతుందండీ అప్పుడు?"

"నీరు మామూలేనండీ. ఏట్లో నీరు ఉండదేంటండీ?"

ఆ జవాబు రాసుకుని ముందుకెళ్లిపోయాను. అక్కడ ఆగి ఉంటే ఒక వారాంతం మిగిలేది.

లేవబోతుంటే మేడం ఒక మాట అడిగింది: "ఈ పాయలో మీరు మామూలుగా ఏయే జంతువుల్ని చూస్తారు బాబాయిగారూ?" నక్కలు, బావురుపిల్లులు, నీటికుక్కలు, ముంగిసలు, కొంగలు అని వరసగా చెప్పాడు. నీటికుక్కల (ఆటర్ల) గురించి కొంచెం కోపంగానే చెప్పాడు. "మా రొయ్యల్ని సగం అయ్యే తింటాయండీ. ఆటిని నేనెరగనా? నీళ్లలో బుడుంగుమంటా తలలు పైకెట్టుకుని పోతాయి." తాను చూసింది వాటిలో ఏదీ కాదని ఖాయంగా చెప్పాడు. ఆ ఖాయాన్ని నేను అలాగే రాసుకున్నాను.

మొదటి వారాంతం నవంబరు 23. పంచాయతీలో చెప్పాం, సచివాలయంలో మహిళా పోలీసుకు మా పేర్లు, ఫోన్ నంబర్లు ఇచ్చాం, చెరువు యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. కోరింగ అభయారణ్యం హద్దులోకి అడుగు పెట్టేది లేదని ముందే తేల్చుకున్నాం. 1978లో ప్రకటించిన ఆ మడ అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా కెమెరా కట్టడం తప్పు. మా పనంతా పట్టా భూమిలో, చెరువు గట్ల మీద, ఊరి రేవులో.

సామాను గురించి రెండు మాటలు, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే తడబడతారు. గమ్‌బూట్లు మన ఒండ్రులో పనికిరావు. మోకాలి దాకా దిగబడి, కాలు వస్తుంది, బూటు రాదు. ఒట్టి కాళ్లతో వెళ్తే గుల్లలు కోస్తాయి. పాత కాన్వాస్ బూట్లు వేసుకుని చీలమండ దగ్గర తాడుతో బిగించి కట్టాలి. టార్చి గ్లాసుకు ఎర్ర జిలుగు కాగితం చుట్టుకోవాలి. రక్తపింజరి, కట్లపాము తిరిగే చోటు కనుక, పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో రాత్రిపూట ఉంటుందో బయల్దేరక ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. మడ చెట్ల వైపు వెళ్తే తిల్లచెట్టు కొమ్మ విరవకూడదు, దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

ఏదైనా కదిలితే వాటంతటవే ఫొటో తీసే ట్రాప్ కెమెరాలు రెండు, మోకాలెత్తున కట్టాం. రాత్రంతా మూడు చోట్ల ఇద్దరు ముగ్గురుగా కూర్చున్నాం. తెల్లారేదాకా ఏమీ రాలేదు. కెమెరాల్లో గాలికి ఊగే రెల్లు వందల ఫొటోల్లో, ఒకే ఒక్క నక్క. అదీ వెనక్కి తిరిగి.

ఆ రాత్రి జరిగిన ఒక తప్పు నా బాధ్యత. ఒంటిగంట దాటాక మా కుర్రాళ్లలో ఒకడు, అమెరికా వీడియోల్లో చూసినట్టు, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పొడుగ్గా ఊళ పెట్టాడు. జవాబు వస్తుందేమోనని. జవాబు వచ్చింది. పది నిమిషాల్లో అవతలి ఊరి నుంచి రెండు పడవల నిండా జనం, కర్రలతో, బల్లేలతో దిగారు. పెద్దాయన అడ్డం నిలబడి "మనోళ్లేనండీ, మనోళ్లే" అని అరవకపోతే ఏమయ్యేదో. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారుకు మన రెండు రాష్ట్రాల్లో అమాయకులు దెబ్బలు తిన్న సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా కుర్రాళ్లకు ముందు చెప్పలేదు. మర్నాడు రచ్చబండ దగ్గర ఆ ఊరి పెద్దల ముందు నేనే క్షమాపణ అడిగాను. ఆ రోజు నుంచి అరుపులు, చెట్ల మీద కర్రలతో కొట్టడం, వీటిని మా పద్ధతిలోంచి పూర్తిగా తీసేశాం. మనుషులు ఆనుకుని బతికే డెల్టాలో ప్రతి శబ్దానికీ ఒక ఇల్లు వింటుంది. అమెరికా అడవిలో చెల్లే పని ఇక్కడ చెల్లదు.

తిరిగి వస్తుంటే సరంగు, పడవ గెడ వేస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు:

"బాబూ, ఆ ముసలాయన చూసింది పున్నమి నాడండీ. నిన్నేమో అష్టమి. నీరు ఒకేలా ఉంటదా అండీ?"

నేను గెడ వైపు చూశాను. ఆరడుగుల పైన తడిసి ఉంది.

సముద్రానికి దగ్గరి పాయల్లో నీరు రోజుకు రెండుసార్లు పోటెక్కి పెరుగుతుంది, రెండుసార్లు పాటు తీసి తగ్గుతుంది. ఆ వేళలు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అంటే ఇవాళ రాత్రి మూడింటికి నీరు అడుగంటితే, వారం తర్వాత అదే మూడింటికి నిండుగా ఉంటుంది. మరో వారానికి మళ్లీ అడుగంటుతుంది. అందులోనూ పున్నమికి, అమావాస్యకు పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువ. సప్తమి, అష్టములకు రెండూ తక్కువ. ఇది బెస్తవాళ్ల పిల్లలకు నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. మేం మాత్రం శనివారం సెలవు కాబట్టి శనివారం వెళ్లాం. సరిగ్గా తలకిందులైన నీటిలో రాత్రంతా కూర్చున్నాం.

హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కాకినాడ పోటుపాట్ల అంచనాలు తెచ్చుకున్నాం. పాయ లోపలికి నీరు ఆలస్యంగా వస్తుంది కదా, ఆ తేడా తెలియడానికి రేవులో ఒక గుంజ పాతి, జానెడుకో గీత పెట్టి, పెద్దాయన చేత రెండు రోజులు రాయించాం. కాకినాడ లెక్కకంటే మా పాయ సుమారు గంట వెనకపడింది. పున్నమి రాత్రి మూడు దాటాక ఆ పాయలో నీరు అన్నిటికంటే తక్కువగా ఉండి ఉంటుందని తేలింది. ఇక తేదీలు వాటంతటవే వరసకొచ్చాయి. నవంబరు 30 శనివారం రాత్రి గడిస్తే అమావాస్య. డిసెంబరు 14 శనివారం రాత్రి గడిస్తే మళ్లీ పున్నమి. మొదటిది నీటికి సరిపోతుంది, వెన్నెల ఉండదు. రెండోది రెంటికీ సరిపోతుంది.

నవంబరు 30. ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటుతున్న రాత్రి. మా వైపు మబ్బులు, ఆగి ఆగి ఈదురుగాలి. వెళ్దామా మానుదామా అని మధ్యాహ్నం దాకా తర్జనభర్జన పడి, సరంగు సరేనన్నాకే వెళ్లాం. ఇలాంటి విషయాల్లో ఆయన మాటే చివరి మాట.

రెండున్నరకు రికార్డరులో మొదటి శబ్దం పడింది. సన్నటి ఈల, మళ్లీ ఈల, మధ్యలో పిట్టల కిచకిచలాంటిది. మేడం నా చెయ్యి పట్టుకుని మెల్లగా నొక్కింది. ఆమెకు తెలిసిపోయింది, నోరు విప్పలేదు. తర్వాత దూరంగా నక్కలు గుంపుగా కూశాయి. ఒక్కసారి మాత్రం నెత్తి మీదుగా గుడ్డ చింపినట్టు కీచుమని అరుపు. అది తెల్లమొహం గుడ్లగూబ. కార్తీక స్నానానికి వెళ్తూ విన్నామని ఆడవాళ్లు చెప్పిన "ఆడమనిషి ఏడుపు" ఇదేనని రికార్డు వినిపించినప్పుడు వాళ్లలో ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకావిడ ఒప్పుకోలేదు.

మూడున్నరకు శబ్దాలు ఆగాయి. అవతలి గట్టు చూద్దామని పడవ తీశాం. పాయ మధ్యకు కూడా చేరలేదు, పడవ దేనికో తగిలి ఆగిపోయింది. సరంగు గెడతో తడిమాడు. "ఇక్కడ మేట పడిందండీ. ఈ ఏడు వరదకి పడినట్టుంది. నిరుడు లేదిది." ఎర్రటి టార్చి వెలుగులో చూస్తే, పాయలో మా గట్టుకు దగ్గరగా, పది బారల పొడవున ఒండ్రు దిబ్బ. చెయ్యెత్తు కూడా లేదు. మామూలు పాటుకు కూడా మునిగే ఉంటుంది. పున్నమి, అమావాస్యల పాటుకు గంటో, రెండు గంటలో మాత్రం బయటపడుతుంది. ఆ గంటల్లో పెద్దాయన రోజూ పాకలో నిద్రపోతాడు. అది ఉన్నట్టు ఆయనకు తెలియదు. పగటి పాటుకు పైకి తేలదా అంటే, తేలినా అప్పుడాయన మేత చల్లే పనిలో చెరువుకు అవతలి చివర ఉంటాడు.

దిబ్బంతా చేపల కంపు. ఒక చివర పెంట, అందులో రొయ్య పెంకులు, పీత ముక్కలు, చేప పొలుసులు. అడుగులైతే లెక్కలేదు.

ఇక్కడ బావమరిది పని గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు సగం అతని చేతి మీద నిలబడింది. నీరు మళ్లింది, దిబ్బ గంటన్నరలో మునుగుతుంది. ఒండ్రులో అడుగు అడుగునా నీరు ఊరుతోంది. అందులో పలచటి ప్లాస్టర్ పోస్తే కరిగిపోతుంది. అతను ముందు పొడి ప్లాస్టర్‌ను పిండి జల్లినట్టు అడుగులోకి జల్లి ఊరిన నీటిని పీల్చనిచ్చాడు. చుట్టూ పాత ఎక్స్‌రే ఫిల్ము పట్టీని కంచెలా గుచ్చాడు. తర్వాత రెండు పాళ్ల ప్లాస్టర్‌కు ఒక పాలు నీరు, చిటికెడు ఉప్పు. ఉప్పు పడితే తొందరగా బిగుస్తుంది. ఇళ్ల పనిలో ఉప్పునీరు తగలకూడదని జాగ్రత్తపడే మనిషి, ఇక్కడ కావాలని వేశాడు. అరగంటలో మూడు అచ్చులు లేపాం. నాలుగోది లేపేసరికి నీరు వచ్చేసింది.

ఇంటికొచ్చి కడిగి చూస్తే, పెద్దగా కనిపించిన అడుగు ఒక అడుగు కాదు. ముందుకాలు దిగిన చోటే కాస్త వెనగ్గా వెనక్కాలు దిగింది. రెండూ కలిసి, పైనుంచి ఒండ్రు జారి, ఒకే పొడుగాటి పాదంలా మారాయి. అచ్చు అడుగున మాత్రం అయిదు వేళ్లు, వేళ్ల మధ్య తోలు అంచులు విడివిడిగా తెలుస్తున్నాయి. మంచులో ఎలుగుబంటి అడుగులు కలిసిపోయి, కరిగి, యెతి పాదమైనట్టే. 2019 ఏప్రిల్లో నేపాల్‌లోని మకాలు పర్వతం శిబిరం దగ్గర 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు అడుగులు చూశామని మన సైన్యమే ఫొటోలు పెట్టింది. మంచు కొండల్లో ఎండ చేసే పని ఇక్కడ ఒండ్రు చేస్తుంది.

నీటికుక్కలు. శాస్త్రం ప్రకారం నున్నటి బొచ్చు నీటికుక్క. కోరింగ మడల్లో ఉన్నదే.

ఇక్కడితో ఆగిపోతే తప్పు చేసేవాళ్లం. దిబ్బ మీద నీటికుక్కలు తిరుగుతాయని తేలింది, అంతే. పెద్దాయన చూసిన ఆరడుగుల మనిషి ఎవరో తేలలేదు. అయితే డిసెంబరు 2 సోమవారం పోలి పాడ్యమి. తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి ఏట్లో వదలాలి. ఏడాదికోసారి వచ్చే రోజు. ఆదివారం సాయంత్రం ఊళ్లో ఆడవాళ్లు మమ్మల్ని అడిగారు: "వెళ్లొచ్చా అండీ?" తెలిసింది తెలిసినట్టే చెప్పాం. అడుగులు నీటికుక్కలవి. ఆ రోజు నిలబడ్డది ఏమిటో ఇంకా తెలియదు. చిరుత జాడ ఏమీ లేదు. గుంపుగా వెళ్లండి, మేం ఇద్దరం రేవులో ఉంటాం. నాలుగున్నరకు నలభై మందికి పైగా వచ్చారు. నేను కెమెరా బయటికి తియ్యలేదు. దీపాలు ఆ మేట ఉండే చోటి మీదుగానే పోయాయి.

డిసెంబరు 14. ఆకాశం తేటగా ఉంది, నీటి మీద పలచటి మంచు. పెద్దాయన్ని ఆ రోజు నిలబడ్డ చోటే నిలబెట్టాం. నా పని ఇదే, కనుక దీన్ని నేనే చూసుకున్నాను. నైలాను తాడుతో కొలిస్తే ఆయన నిలబడ్డ చోటి నుంచి అవతలి గట్టు 66 మీటర్లు. మేట 22 మీటర్లు. వెదురు గెడకు అడుగుకో తెల్లగుడ్డ కట్టి, ముందు అవతలి గట్టు మీద నిలబెట్టి, "ఆ రోజు ఎంతెత్తు కనబడింది బాబాయిగారూ, ఆపమన్న చోట ఆపుతాం" అన్నాం. కింది నుంచి గుడ్డలు ఒక్కొక్కటే టార్చితో చూపిస్తూ వెళ్తే ఆయన ఆరో గుడ్డ దగ్గర ఆపమన్నాడు. రెండోసారి, గెడ ఎక్కడుందో చెప్పకుండా, పడవలో మేట దగ్గరికి తెచ్చి చూపించాం. రెండో గుడ్డ దగ్గర ఆపమన్నాడు.

రాత్రిపూట నీటి మీద దూరం తెలియదు. పక్కన చెట్టు ఉండదు, ఇల్లు ఉండదు. వెన్నెల మెరుపు మీద నల్లటి ఆకారం కనబడితే, కన్ను దాన్ని తనకు తెలిసిన గట్టు మీద నిలబెట్టుకుంటుంది. మూడోవంతు దూరంలో ఉన్న రెండడుగుల జీవి, గట్టు మీద ఉందనుకుంటే ఆరడుగులవుతుంది. స్టూడియోలో బొమ్మను ముందుకు జరిపి కొండలా చూపించే కిటుకు ఇదే. నీటికుక్క ఏదైనా అలికిడి వింటే వెనక్కాళ్ల మీద నిటారుగా లేచి చూస్తుంది. తల, మెడ ఒకే లావున ఉంటాయి కాబట్టి మెడ కనబడదు. ముందుకాళ్లు రొమ్ముకు ఆనించుకుంటుంది. తడి బొచ్చు నల్లగా ఉంటుంది. అరిస్తే ముందుకు వంగి నీళ్లలోకి జారుతుంది. నేలలోకి దిగినట్టే.

ఇవేవీ నేను పెద్దాయనతో అనలేదు. దీపం ఆర్పి, మేం నలుగురం ఆయన వెనక కూర్చున్నాం.

మూడు దాటాక మేట వీపు పైకి తేలింది. ఇంకో పావుగంటకు ఈలలు. అయిదు నల్లటి చారలు నీళ్లలోంచి ఎక్కాయి. దొర్లాయి, ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. చెరువులో ఏరియేటర్ ఒక్కసారి టకటకమంది. వాటిలో ఒకటి లేచి నిలబడింది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఇలాగే వంగిందండీ. ఇలాగే." కాసేపాగి, "కానీ ఆ రోజుది ఇంకా పెద్దదండీ" అన్నాడు.

రెండు మాటలనూ వరసగా, ఆయన అన్న క్రమంలోనే, నా పుస్తకంలో రాశాను. రెండో మాటను కొట్టేసే హక్కు నాకు లేదు. ఆ రాత్రి ఒంటరిగా ఉన్నది ఆయన.

మొదటి రోజు ఫొటోలోని అడుగు మాత్రం తేలలేదు. పక్కన చెయ్యి పెట్టి కొలిచారా అంటే, "చెయ్యెట్టడానికి భయమేసిందండీ" అన్నాడు. ఫొటో మూల ఒక నీళ్లసీసా మూత పడింది. దాంతో లెక్క కడితే అడుగు సుమారు 11 అంగుళాలు వస్తుంది. కెమెరా ఏటవాలుగా ఉంది కనుక ఎటైనా తేడా ఉండొచ్చు. రెండు మూడు నీటికుక్కల అడుగులు కలిసిపోయినవి కావచ్చు, వలకు దిగిన మనిషి కాలు జారిన గుర్తు కావచ్చు. అచ్చు లేదు, రెండో అడుగు లేదు. ఫైలులో "తేలలేదు" అనే రాశాం.

అచ్చులు, రికార్డులు, పటం అటవీశాఖ సిబ్బందికి ఇచ్చాం. నీటికుక్క, బావురుపిల్లి రెండూ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నవి. కరెంటు తీగ పెడితే శిక్ష తప్పదని వాళ్లే యజమానికి చెప్పారు. అయితే ఆయన బాధ కూడా నిజమే. చెరువులో రొయ్య పోతే అప్పు ఆయనదే. మేడం, సరంగు కలిసి ఆయనతో రెండు గంటలు కూర్చున్నారు. పాయ వైపు గట్టుకు మాత్రం మూడడుగుల వల కట్టి, అడుగు అంచును ఒండ్రులో జానెడు పూడ్చాడు. నీటికుక్క వల కింద తవ్వగలదు, అందుకే వారానికోసారి అంచు చూసుకోవాలి. తోలు కోసం వీటికి ఉచ్చులు వేసేవాళ్లు ఉన్నారు. ఊరి పేరు రాయనిది అందుకు.

తర్వాతి పున్నమి జనవరి 13, భోగి. మేం వెళ్లలేదు. పండక్కి ఎవరిళ్లకు వాళ్లం వచ్చేశాం. తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ మోగింది. వెనక భోగిమంట చిటపటలు, పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

"ఇయ్యాల ఒక్కటీ రాలేదండీ బాబూ. ఊరంతా గోల కదండీ. దిబ్బ మీద పాత అడుగులున్నాయి. మా మనవడి స్కేలు పక్కనెట్టి ఫొటో తీశానండీ, పంపిస్తన్నాను చూడండి."

ఫొటో వచ్చింది. స్కేలు అడుగుకు సమాంతరంగా, అంకెలు పైకి కనబడేలా పెట్టాడు. మూడున్నర అంగుళాలు.